బీమా కాగితం మీద భార్య పేరు

గృహహింస అనగానే మనకు దెబ్బలు, కట్నం, పోలీస్ స్టేషన్, కోర్టు గుర్తొస్తాయి. బీమా పాలసీ గుర్తురాదు. ఇంటి బయటికి వెళ్ళే దారి వెతుక్కుంటున్న స్త్రీకి ఆస్పత్రి ఖర్చు ఎవరు కడతారు, ఆమె చికిత్స వివరాలు ఎవరికి తెలుస్తాయి, ఆమె చనిపోతే ఆ డబ్బు ఎవరికి చేరుతుంది? ఈ ప్రశ్నలకు మన తెలుగు నేల మీద నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

1874లో బ్రిటిష్ ప్రభుత్వం వివాహిత స్త్రీల ఆస్తి చట్టం తెచ్చింది. భార్యాపిల్లల ప్రయోజనం కోసమని రాసి భర్త తన ప్రాణం మీద పాలసీ తీసుకుంటే, ఆ డబ్బు ట్రస్టు కింద లెక్క. దాని మీద అతనికి గానీ, అప్పులవాళ్ళకు గానీ అధికారం ఉండదు. అయితే చట్టం హిందూ, ముస్లిం స్త్రీలను పక్కన పెట్టింది. గోదావరి డెల్టా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ రోజుల్లో, బాలాంబ వర్సెస్ కృష్ణయ్య కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఆరో సెక్షన్ హిందువులకూ వర్తిస్తుందని చెప్పింది. 1923 సవరణ దీన్ని చట్టంలోకి ఎక్కించింది. మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకూ, మిగతాచోట్ల 1923 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్నవాటికీ రక్షణ వచ్చింది. ఒక తెలుగు పేరున్న స్త్రీ కేసు వల్ల మన ప్రాంతానికి దాదాపు పదేళ్ళ ముందే ఆ హక్కు అందింది.

కానీ ఆ రక్షణ ఎవరి నుంచి? అప్పులవాళ్ళ నుంచి, దాయాదుల నుంచి. అది అక్కరకొచ్చేది వితంతువుకు. పాలసీ తీసుకోవాలా వద్దా అన్నది భర్త ఇష్టం. అతను బతికుండగా అతని చేతిలోనే దెబ్బలు తినే భార్యను ఆ చట్టం ఊహించనేలేదు.

ఇంటి లోపలి భార్యను చట్టం చూడడానికి మరో డెబ్భై ఏళ్ళు పట్టింది. 1983లో టి. సరిత వర్సెస్ వెంకట సుబ్బయ్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, కాపురానికి రమ్మని భార్యను ఆదేశించే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్ చెల్లదన్నారు. ఆమె శరీరం మీద నిర్ణయం ఆమెదేననీ, దాన్ని లాక్కోవడం గోప్యత హక్కును కాలరాయడమేననీ తీర్పు. పెళ్ళి గడప దాటి లోపలికి కూడా రాజ్యాంగం వస్తుందని ఒక తెలుగు కోర్టు చెప్పింది. మరుసటి ఏడే, సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ఆ సెక్షన్ నేటికీ అలాగే ఉంది.

గోప్యత అన్నమాట మనకెప్పుడూ రెండు వైపులా పదునున్న కత్తే. 'ఇంటి గుట్టు' అన్నదీ గోప్యతే! ఆ గుట్టు కాపాడింది కొట్టేవాణ్ణి. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తిస్తూ, అది హింసకు ముసుగు కావచ్చన్న స్త్రీవాద విమర్శను కూడా ప్రస్తావించింది. మనకు కావలసిన గోప్యత ఇంటిది కాదు, మనిషిది.

ఆ తేడా ఎంత ముఖ్యమో అమెరికా అనుభవం చెబుతుంది. 1994లో అక్కడి కాంగ్రెస్ ఉపసంఘం సిబ్బంది విచారిస్తే, పదహారు పెద్ద బీమా కంపెనీల్లో ఎనిమిది గృహహింసను లెక్కలోకి తీసుకుంటున్నాయని తేలింది. డాక్టరుకు నిజం చెప్పుకున్న స్త్రీ, ఆ నిజం వల్లనే 'రిస్కు' అయిపోయింది. జారిపడ్డానని అబద్ధమాడితే పాలసీ దక్కుతుంది, కేసు నిలబడదు. రాష్ట్రాలు ఒక్కొక్కటీ దీన్ని నిషేధిస్తూ వచ్చాయి. ఆరోగ్య బీమాలో దేశమంతటా నిషేధం 2010 చట్టంతో వచ్చి, 2014లో పూర్తిగా అమలైంది. ప్రమాదం ఉందని స్త్రీ చెబితే ఆరోగ్య బీమా ఉత్తరాలు ఆమె కోరిన చిరునామాకే పంపాలన్న నిబంధన 2003 నుంచే అమల్లో ఉంది.

మన 2005 గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. ఆర్థిక హింసను హింసగా గుర్తించింది. వైద్య ఖర్చులు ఇప్పించమంది, ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, తలుపులు మూసి విచారణ జరిపే వీలు కల్పించింది. బీమా సంస్థల మీద మాత్రం ఏ బాధ్యతా పెట్టలేదు.

ఆ ఖాళీ కోనసీమలో ఎలా ఉంటుందో చూడండి. 2007లో మొదలై ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మార్చుకున్న ఆరోగ్యశ్రీ, కుటుంబాన్ని ఒక యూనిట్‌గా చూస్తుంది. 2013 ఆహార భద్రత చట్టం రేషన్ కార్డుకు ఇంట్లో పెద్ద స్త్రీని యజమానిని చేసింది. మంచిదే. కానీ ఉమ్మడి కాపురంలో ఆ పెద్ద స్త్రీ ఎవరు? అత్తగారు. నగరంలోనో రాజోలులోనో పుట్టింటికి చేరిన కోడలి పేరు ఇంకా ఆ కార్డులోనే ఉంటే, ఆమె వైద్యం వదిలొచ్చిన ఇంటితోనే ముడిపడి ఉంటుంది.

ఉద్యోగం చేసే స్త్రీకి ఇంకో ముడి. 2015 సవరణ తర్వాత జీవిత బీమాలో నామినీగా రాసిన భర్త డబ్బుకు కాపలాదారు మాత్రమే కాదు, హక్కుదారు. పెళ్ళయిన కొత్తలో రాసిన పేరు మార్చకపోతే, కొట్టినవాడికే ఆమె కష్టార్జితం చేరుతుంది.

కాబట్టి అడగవలసినవి పెద్ద విషయాలేమీ కావు. విడిగా ఉంటున్న స్త్రీకి విడి కార్డు, భర్త సంతకం అడగకుండా. హింస వల్ల అయిన గాయాన్ని సాకుగా చూపి బీమా నిరాకరించకూడదన్న స్పష్టమైన నిబంధన. ఆమె చెప్పిన ఫోనుకే సమాచారం. రక్షణాధికారి దగ్గరికొచ్చిన ప్రతి స్త్రీనీ 'నీ పాలసీలో నామినీ ఎవరమ్మా?' అని అడగడం.

బాలాంబ కేసు భర్త పోయాక భార్యకు దక్కేదాన్ని కాపాడింది. భర్త ఉండగా ఆమె ప్రాణాన్ని కాపాడే కాగితం ఇంకా రాయాల్సే ఉంది.