బెరడు పురుగు ఆహారం: రెండు దస్త్రాలుగా విడిపోయిన చరిత్ర

ఉపోద్ఘాతం:

పైన్ చెట్లను చంపే ఒక పెంకుపురుగుల ప్రజాతికి జర్మన్ కీటక శాస్త్రవేత్త ఎరిక్సన్ 1836లో 'డెండ్రోక్టోనస్' అని పేరు పెట్టాడు. గ్రీకు మూలాన్ని బట్టి దీనికి వృక్షహంత అని అర్థం. ఈ పేరు పురుగు చేసే నష్టాన్ని సూచిస్తుంది గాని, అది ఏమి తిని బతుకుతుందో చెప్పదు. ఆ ఆహారాన్ని గుర్తించిన క్రమాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు నివేదికలు:

19వ శతాబ్దం చివర అమెరికాలోని బ్లాక్ హిల్స్ అడవుల్లో పాండెరోసా పైన్ చెట్లు పెద్దఎత్తున ఎండిపోయాయి. అక్కడ పరిశోధించిన ఎ. డి. హాప్కిన్స్ 1902లో ఆ పురుగును 'డెండ్రోక్టోనస్ పాండెరోసే' అనే కొత్త జాతిగా వర్ణించాడు. 1903లో హెర్మన్ వాన్ ష్రెంక్ అదే అడవిలో కలప నీలిరంగుకు మారడంపై వేరొక నివేదిక ప్రచురించాడు. ఆ నీలిరంగుకు కారణం శిలీంధ్రం. రెండు నివేదికలూ అమెరికా వ్యవసాయ శాఖ నుండి వెలువడినవే. కాని ఒకటి కీటక విభాగానిది, మరొకటి వృక్ష విభాగానిది. చెట్టు ఒకటే అయినా దస్త్రాలు రెండయ్యాయి.

1928లో క్రెయిగ్‌హెడ్ ఈ పురుగులకూ నీలి శిలీంధ్రాలకూ గల పరస్పర సంబంధాన్ని చర్చించాడు. అయితే అప్పటి ప్రధాన ప్రశ్న చెట్టు చావులో శిలీంధ్రం పాత్ర ఎంత అన్నదే.

జీర్ణమండలం, ఆహారం:

పాండెరోసే పురుగు దారువును తినదు. బెరడు లోపలి పోషక కణజాలమే దాని ఆహారం. అది నమిలిన ముక్కలు పూర్వాహారనాళం చివరనున్న అంతర జఠరంలోకి చేరతాయి. అక్కడ పళ్లు, నూగు గల 8 గట్టి ఫలకాలు వాటిని మరింత నలుపుతాయి. ఆ పైన మధ్యాహారనాళంలో జీర్ణం, శోషణ జరుగుతాయి. బెరడు పురుగుల వర్గీకరణకు కూడా ఈ ఫలకాల నిర్మాణం ఆధారమైంది.

ఎంత నలిపినా పోషక కణజాలంలో నత్రజని స్వల్పమే. ఈ లోటు తీరే విధానం నోటి నిర్మాణంలో బయటపడింది. ఈ పురుగు నోటిభాగాల్లో సిద్ధబీజాలను మోసే సంచులు ఉన్నాయని 1970లో విట్నీ, ఫారిస్ ప్రకటించారు. తొలిచే నోరే శిలీంధ్రాన్ని చెట్టులో నాటుతున్నదన్నమాట. శిలీంధ్రం దారువు నుండి గ్రహించిన నత్రజనిని డింభకాలు తినే చోటికి చేరుస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. ప్యూపా దశ దాటిన కొత్త పురుగులు తమ గది గోడలపై పెరిగిన సిద్ధబీజాలను తిని, వాటిని మోసుకొని మరో చెట్టుకు ఎగురుతాయి. హాప్కిన్స్ పురుగూ ష్రెంక్ శిలీంధ్రమూ ఒకే ఆహార వ్యవస్థలోని భాగాలని ఇలా స్పష్టమైంది.

ముగింపు:

1990లలో మొదలైన ఉధృతిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో సుమారు 1.8 కోట్ల హెక్టార్ల అడవి ఈ పురుగు బారిన పడింది. శీతాకాలపు చలి తగ్గి డింభకాలు బతికిపోవడం ఒక ముఖ్య కారణం. అక్కడ విస్తరించినది పురుగు ఒక్కటే కాదు, దాని నోట ఉన్న శిలీంధ్రం కూడా. విభాగాల వారీగా సాగే పరిశోధన ప్రతి భాగాన్నీ నిశితంగా చూడగలదు. కాని ఆ భాగాల మధ్య సంబంధం ఏ విభాగానికీ చెందక చాలాకాలం మరుగున ఉండిపోగలదని బెరడు పురుగు చరిత్ర తెలియజేస్తున్నది.