గూడూరు ఆటగాళ్ల పద్దు ఎక్కడ: విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్‌లో పేర్లు, అర్హత, రికార్డు

గూడూరులోని డిగ్రీ కళాశాలలు 2008 దాకా తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి (ఎస్వీయూ) అనుబంధంగా ఉండేవి. ఆ ఏడాది నెల్లూరు జిల్లాకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం (వీఎస్‌యూ) రావడంతో అఫిలియేషన్ అటు మారింది. కోర్టు అదే, రింగు అదే, ఆడే పిల్లలూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. అయినా 2005లో సౌత్ జోన్ బాస్కెట్‌బాల్‌కు ఎంపికైన విద్యార్థి ఎస్వీయూ జెర్సీ వేసుకోవాలి, 2012లో అదే కళాశాల నుంచి ఎంపికైనవాడు వీఎస్‌యూ జెర్సీ వేసుకోవాలి. విశ్వవిద్యాలయాల లెక్కలో వీళ్లిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. రికార్డును విశ్వవిద్యాలయం పేరుకు కట్టేసినంత కాలం ఒక ఊరి ఆటకు చరిత్ర ఏర్పడదని, దాన్ని కళాశాల దగ్గరే నిలబెట్టుకోవాలని ఈ వ్యాసం వాదన.

అంతర విశ్వవిద్యాలయ పోటీలను భారత విశ్వవిద్యాలయాల సంఘం నడుపుతుంది. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా పుట్టిన సంస్థ అది. దేశాన్ని నాలుగు జోన్లు చేసి, ఒక్కో జోన్‌లో ముందు నిలిచిన జట్లను అఖిల భారత పోటీకి పంపుతుంది. మన విశ్వవిద్యాలయాలు తమిళనాడు, కర్ణాటక, కేరళ వాటితో కలిసి సౌత్ జోన్‌లో ఆడతాయి. దిక్కును బట్టి పెట్టిన ఈ పేరు ఎవరినీ తికమక పెట్టదు. అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదు. అక్కడ ‘బిగ్ టెన్’ కాన్ఫరెన్స్‌లో 2024 నుంచి 18 విశ్వవిద్యాలయాలున్నాయి. ‘అట్లాంటిక్ కోస్ట్’ కాన్ఫరెన్స్‌లో పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్ ఆడుతోంది. అక్కడ గొడుగు పేరు అర్థం కోల్పోయింది గానీ దాని కింది విశ్వవిద్యాలయం నూరేళ్లుగా అదే పేరుతో ఉంది. మన దగ్గర తలకిందులు. జోన్ నిలకడగా ఉంది, కింద ఉన్న విశ్వవిద్యాలయమే మారిపోయింది. పైగా డిగ్రీ చదివేవాడు వీఎస్‌యూకి ఆడితే, ఇంజనీరింగ్ చదివే అతడి తమ్ముడు అనంతపురం జేఎన్టీయూకి ఆడాలి. ఒకే ఇంటి అన్నదమ్ములు సౌత్ జోన్‌లో ఎదురెదురు జట్లలో దిగే పరిస్థితి ఇది.

ఇక అర్హత. ఆటగాడికి పాతికేళ్లు మించకూడదు. ఇంటర్మీడియట్ పాసై ఎనిమిదేళ్లు దాటకూడదు. కనీసం ఏడాది నిడివి ఉన్న కోర్సులో రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి. వీటికి రుజువుగా పదో తరగతి మెమో, ఇంటర్ సర్టిఫికెట్, ఫోటో జతచేసి, ప్రిన్సిపాల్ సంతకం చేయించి ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) గారు ఎలిజిబిలిటీ ఫారం పంపుతారు. ఒక ఆటగాడి గురించి మన వ్యవస్థ ఇంత శ్రద్ధగా రాసుకునే కాగితం మరొకటి లేదు. పుట్టిన తేదీ, కళాశాల, కోర్సు, చేరిన సంవత్సరం, అన్నీ అందులో ఉంటాయి. కానీ అతడు కోర్టులో ఏం చేశాడో అందులో ఒక్క ముక్క ఉండదు.

అది స్కోర్ షీటులో ఉంటుంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా అధికారిక స్కోర్ షీటును దగ్గర పెట్టుకుని చూడండి. ఎడమవైపు రెండు జట్ల ఆటగాళ్లు, వాళ్ల నంబర్లు, ఫౌళ్ల గడులు. కుడివైపు నిలువు వరుసల్లో ఒకటి నుంచి పైకి పోయే రన్నింగ్ స్కోరు. ఫీల్డ్ గోల్ పడితే ఆ అంకె మీద ఏటవాలు గీత గీసి, పక్క గడిలో కొట్టినవాడి నంబరు వేస్తారు. మూడు పాయింట్ల షాటైతే ఆ నంబరు చుట్టూ సున్నా చుడతారు. ఫ్రీ త్రోకు నిండు చుక్క పెడతారు. చివరికి తెల్ల ప్రతి, నీలం ప్రతి నిర్వాహకులకు, గులాబీ ప్రతి గెలిచిన జట్టుకు, పసుపు ప్రతి ఓడిన జట్టుకు. ఎవరు ఏ నిమిషంలో కొట్టారో తెలియకపోయినా, ఏ వరుసలో కొట్టారో ఎన్నేళ్ల తర్వాతైనా చెప్పగల కాగితం. రీబౌండ్లు, అసిస్టులు మాత్రం ఇందులో ఉండవు.

చిక్కంతా పేరు గడిలో ఉంది. ఫిబా పద్ధతి ప్రకారం అక్కడ ఇంటిపేరు పూర్తిగా, అసలు పేరుకు మొదటి అక్షరం రాయాలి. మనవాళ్ల అలవాటు ఇందుకు విరుద్ధం, ఇంటిపేరుకు పొడి అక్షరం, అసలు పేరు పూర్తిగా. ఒకే కుర్రవాడు ఒక మ్యాచ్‌లో ఒక రకంగా, ఇంకో మ్యాచ్‌లో ఇంకో రకంగా నమోదైతే వాళ్లు ఇద్దరు మనుషులనే తర్వాత చూసేవాళ్లు అనుకుంటారు. పైగా సౌత్ జోన్‌లో జట్టు పేరు దగ్గర విశ్వవిద్యాలయమే ఉంటుంది. కళాశాల పేరు రాయడానికి గడి లేదు. గూడూరు అనే మాట అక్కడితో చెరిగిపోతుంది. మనిషి ఎవరో చెప్పే కాగితం ఒకటి, మనిషి ఏం చేశాడో చెప్పే కాగితం ఒకటి. ఆ రెంటినీ కలిపి కుట్టే పని ఎవరి విధుల్లోనూ లేదు.

నిర్వహణ సంస్థ మారితే రికార్డు ఏమవుతుందో చెప్పడానికి అమెరికా క్రీడాకారిణి లినెట్ వుడార్డ్‌ను మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. కాన్సస్ విశ్వవిద్యాలయం తరఫున 1977 నుంచి 1981 దాకా ఆడి ఆమె 3,649 పాయింట్లు చేసింది. అప్పట్లో మహిళల పోటీలను ఏఐఏడబ్ల్యూ అనే సంస్థ నడిపేది. 1981-82లో అమెరికా కళాశాల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మహిళల బాస్కెట్‌బాల్‌ను చేపట్టింది గానీ, పాత సంస్థ కింద చేసిన పాయింట్లను తన రికార్డు పుస్తకంలోకి ఎక్కించుకోలేదు. 2024లో మరో కళాశాల క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ ఆ అంకె దాటినప్పుడే చాలామందికి వుడార్డ్ పేరు వినబడింది. అంత పెద్ద క్రీడాకారిణికే ఇలా జరిగితే, గూడూరు దువ్వూరు రమణమ్మ మహిళా కళాశాల నుంచి ఎస్వీయూ రోజుల్లో జట్టుకెక్కిన అమ్మాయి మాట చెప్పాలా? అయితే వుడార్డ్ పాయింట్లు మాయం కాలేదు. విశ్వవిద్యాలయం వాటిని తన దగ్గర ఉంచుకుంది కాబట్టే నలభై ఏళ్ల తర్వాత చర్చకు ఆధారం దొరికింది. నా వాదనకు బలం అక్కడే ఉంది.

ఇది జ్ఞాపకాల కోసం మాత్రమే కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో అంతర విశ్వవిద్యాలయ ఆటగాడు ఫారం-3 దాఖలు చేయాలి. దాని మీద సంతకం చేయాల్సింది విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధికారి. అందుకోసం పాత ఆటగాడు ఎస్వీయూ ఉన్న తిరుపతికి, కొత్త ఆటగాడు వీఎస్‌యూ ఉన్న కాకుటూరుకు పోవాలి. 2022 ఏప్రిల్‌లో గూడూరును తిరుపతి జిల్లాలో కలపడంతో జిల్లా ఒక దిక్కు, విశ్వవిద్యాలయం ఒక దిక్కు అయ్యాయి. జిల్లా హద్దు మారినంత మాత్రాన అఫిలియేషన్ మారదు, కానీ పాత సర్టిఫికెట్ల మీద ‘నెల్లూరు జిల్లా’ అనే ఉంటుంది కదా.

అందుకే నేను అడిగేది చిన్నది. కళాశాల పీడీ గది బీరువాలో ఒక రిజిస్టరు ఉండాలి. ఎలిజిబిలిటీ ఫారం నకలు, దాని వెనకే గులాబీ ప్రతో పసుపు ప్రతో నకలు. పైన ఇంటిపేరు, అసలు పేరు రెండూ పూర్తిగా. ఆ ఏడాది అఫిలియేషన్ ఏ విశ్వవిద్యాలయానిదో, ఊరు ఏ జిల్లాలో ఉందో పక్క గడుల్లో. ఎస్వీయూ కాలపు ఆటగాళ్ల ఇళ్లలో ఉన్న సర్టిఫికెట్ల నకళ్లతోనే మొదలుపెట్టవచ్చు. 2008 ముందు ఆడినవాళ్లకు ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది లేదా దాటిపోయింది, ఆ కాగితాలు ఇంకా వాళ్ల ట్రంకు పెట్టెల్లో దొరికే వయసే.