మోటారు కారునకు మెదడు ఎట్లు వచ్చినది?

మదనపల్లె నుండి పీలేరు పోవు దారిలో వాల్మీకిపురము కలదు. పెద్దలు నేటికిని దానిని వాయల్పాడు అనియే పిలుతురు. మదనపల్లె మార్కెట్టునకు టమాటాలు తీసికొని పోవు వ్యాన్లు, తిరుపతికి పోవు యాత్రికుల కార్లు రాత్రింబగళ్ళు ఈ దారిన తిరుగుచునే యుండును. ఒక వేసవి మధ్యాహ్నము నా పాత కారు ఈ ఊరి చెంతనే ఆగిపోయినది. స్టార్టరు బాగుగనే తిరుగుచున్నది గాని ఇంజను అందుకొనుట లేదు. దారి ప్రక్క షెడ్డులోని ముసలి మేస్త్రి వచ్చి చూచి, "కంప్యూటరు పోయినట్టుండాది సార్. కొత్తది ఏయాలంటే శానా అవుతాది" అనెను. కొంత తడవు ఊరకుండి, "మా కాలంలో అయితే పాయింట్లు గీకి పంపిస్తా ఉంటిమి" అని తనలో తాను అనుకొన్నట్లు పలికెను.

ఈ రెండు మాటల నడుమ అరువది ఏండ్లకు పైబడిన చరిత్ర ఇమిడియున్నది. ఇనుప యంత్రమైన కారులోనికి కంప్యూటరు ఎందులకు ప్రవేశించినది? అది చెడినప్పుడు ప్లగ్గు మార్చినంత సులువుగా దానిని ఏల మార్చలేకున్నాము? ఈ విషయమును కొంత విచారింతము.

పెట్రోలు ఇంజను నడచుటకు ముఖ్యముగా రెండు నిర్ణయములు జరుగవలయును. ఎంత గాలికి ఎంత పెట్రోలు కలుపవలయునన్నది మొదటిది. నిప్పురవ్వ ఏ క్షణమున పుట్టవలయునన్నది రెండవది. పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్లు బరువుగల గాలి కావలయును. ఇక రవ్వ సంగతి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3,000 సార్లు తిరుగుచున్నదనుకొందము. అప్పుడు సెకనునకు 100 రవ్వలు, ఒక్కొక్కటియు తన వేళకు సరిగా, పుట్టవలయును.

అంబాసిడరు కారులో ఈ పనులను కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు అను రెండు పరికరములు చేయుచుండెను. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతమున రూపొందించిన పద్ధతియే దాదాపు ఏడు దశాబ్దములు లోకమంతట నడచినది. డిస్ట్రిబ్యూటరులో చిన్న ఇనుప గుండ్లుండును. వేగము హెచ్చినకొలది అవి అపకేంద్ర బలముచే వెలుపలికి జరిగి, రవ్వను కొంచెము ముందుగా పుట్టించును. అనగా ఆనాటి కారునకు మెదడు లేకపోలేదు. అది గుండ్లుగా, స్ప్రింగులుగా, సన్నని రంధ్రములుగా ఇంజనంతట చెదరి యుండెను. అది అరిగినచో కంటికి కనబడును, చెవికి వినబడును. కాబట్టియే గరుకు కాగితము, స్క్రూడ్రైవరు చేతనున్న మేస్త్రి దానిని బాగుచేయగలిగెను.

ఈ పనిని విద్యుత్ పరికరమునకు అప్పగింప జూచిన మొదటి వారిలో అమెరికాలోని బెండిక్స్ సంస్థ ముఖ్యమైనది. 1957లో అది ఎలక్ట్రోజెక్టర్ అను ఏర్పాటును ప్రకటించినది. 1958లో క్రైస్లర్ సంస్థ కొన్ని పదుల కార్లకు దానిని అమర్చి అమ్మినది. కాని ఆనాటి విద్యుత్ విడిభాగములు ఇంజను వేడికి, తేమకు, కుదుపునకు ఓర్వలేకపోయినవి. తుదకు ఆ కార్లలో చాలవాటికి నియంత్రణ పెట్టెను తీసివేసి, మరల కార్బ్యురేటర్లనే బిగించిరి. చెడిన ఇంజను మెదడును మార్చుట అనెడి కథ ఇట్లు మొదలైనది. మొదటిసారి మారినది క్రొత్త పెట్టె గాదు, పాత ఇనుమే! బెండిక్స్ పేటెంట్ల హక్కులు తరువాత జర్మనీలోని బాష్ సంస్థకు చేరినవి.

ఓడిపోయిన ఈ ఊహ మరల బ్రతుకుటకు కారణము మెకానిక్కుల కోరిక గాదు, గాలిలోని పొగ. కార్ల పొగలోని హైడ్రోకార్బనులు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యరశ్మిలో చర్యనొంది కండ్లను మండించు పొగమంచుగా మారుచున్నవని 1950ల తొలినాళ్ళలో కాలిఫోర్నియాలో హాగెన్ స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించెను. చట్టములు వచ్చినవి. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 కారునకు బాష్ సంస్థ డీ-జెట్రానిక్ అను ట్రాన్సిస్టర్ల పెట్టెను అమర్చినది. 1971లో మైక్రోప్రాసెసరు బజారునకు వచ్చినది. పొగలో మిగిలిన ఆక్సిజనును కొలిచి ఇంధనమును సవరింపజేయు లాంబ్డా సెన్సరు 1976లో వోల్వో కారులో కనబడినది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐ కారులోని మోట్రానిక్ ఏర్పాటు, ఇంధనమును రవ్వను రెండింటిని ఒకే కంప్యూటరు చేతిలో పెట్టినది. దీనినే నేడు ఇంజను కంట్రోల్ మాడ్యూలు అందుము. షెడ్డులలో ఈసీఎం అనియు, కంప్యూటరు అనియు వాడుక.

మన దేశమునకు ఈ మార్పు కొంత ఆలస్యముగా వచ్చినది. 1983లో మొదలైన మారుతి 800 కారు కార్బ్యురేటరుతోనే పుట్టినది. ఢిల్లీ ప్రాంతమున క్రొత్త కార్లకు యూరో ప్రమాణములు వెంటనే అమలు కావలయునని 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2000 ఏప్రిల్ నుండి దేశమంతట పొగ నియమములు బిగిసినవి. ఆ ప్రాంతముననే మారుతి 800 కూడ కార్బ్యురేటరును విడిచి ఇంజెక్టర్లను ధరించినది. భారత్ స్టేజి మూడవ మెట్టు హైదరాబాదు వంటి నగరములకు 2005లోను, దేశమంతటికి 2010లోను వచ్చినది. నాల్గవ మెట్టు ఆ నగరములకు 2010లోను, తక్కినచోట్లకు 2017 నాటికిని వచ్చినది. 2020 ఏప్రిల్ నుండి ఆరవ మెట్టు దేశమంతట ఒక్కసారిగనే అమలైనది. అనగా నగరపు మేస్త్రికి ముందుగా పరిచయమైన పెట్టె, మన చిన్న ఊళ్ళకు కొన్నేండ్ల తరువాత, తరచుగా చేతులు మారిన పాత కార్లలో, చెప్పాపెట్టకుండ వచ్చి చేరినది. దానిని గూర్చి చెప్పు గురువు మాత్రము వెంట రాలేదు.

ఈ పెట్టె నిజముగనే చెడునా? చెడును. ఏండ్ల తరబడి వేడెక్కుచు చల్లారుచు నుండుటచే సోల్డరు అతుకులు పగులును. కెపాసిటర్లు ఎండును. వాననీరు దిగిన పలకపై రాగిదారులు చిలుము పట్టి తెగును. ఇగ్నిషను కాయిలు లోపల షార్టైనచో దానిని నడపు ట్రాన్సిస్టరు కాలిపోవును. ఈ చివరిది ముఖ్యముగా గమనింపదగినది. కాయిలును అట్లేయుంచి పెట్టెను మాత్రము మార్చినచో, క్రొత్త పెట్టెయు అదే గతి పట్టును. పెట్టె చచ్చినప్పుడు, దానిని చంపినదెవరో ముందు తెలిసికొనవలయును.

అంతకంటె హెచ్చుగా, బ్రతికియున్న పెట్టెయే చచ్చినట్లు కనబడుచుండును. మాడ్యూలు చాల సెన్సర్లకు 5 వోల్టుల విద్యుత్తును పంచిపెట్టును. ఒక్క సెన్సరు తీగ ఒరసి బాడీకి తగిలినచో ఆ 5 వోల్టులు పడిపోయి, తక్కిన సెన్సర్లన్నియు మూగవోవును. ఎర్త్ తీగ సంగతియు ఇట్టిదే. మాడ్యూలు ఎర్త్ గుండా 10 ఆంపియర్లు పారుచున్నవనియు, తుప్పుచే అచ్చట 0.3 ఓము నిరోధము పుట్టినదనియు అనుకొందము. ఓము సూత్రము చొప్పున 3 వోల్టులు అక్కడనే నష్టమగును. స్టార్టరు తిరుగునప్పుడు బ్యాటరీ 10 వోల్టులకు దిగినచో, మాడ్యూలునకు మిగులునది 7 మాత్రమే. అది పనిచేయకున్న తప్పు దానిది కాదు. కాబట్టి బ్యాటరీ, ఫ్యూజులు, మెయిన్ రిలే, ఎర్త్ తీగలు, కనెక్టరు ముళ్ళు, సెన్సర్ల 5 వోల్టులు వరుసగా పరీక్షించిన పిదప గాని మాడ్యూలును అనుమానింపరాదు.

ఇన్ని పరీక్షల పిదప పెట్టెయే చెడినదని తేలినను, పాత కారునుండి అటువంటిదే తెచ్చి బిగించిన చాలదు. అందులో ఇనుము కంటె విలువైనది జ్ఞాపకము. ఏ వేగమున, ఏ బరువున ఎంత ఇంధనము పోయవలయునో తెలుపు పట్టికలు, కారు గుర్తు సంఖ్య, తాళపుచెవి రహస్య సంకేతము అందు వ్రాయబడియుండును. దొంగతనములను ఆపుటకై యూరపులో 1998 నుండి క్రొత్త కార్లన్నింటికి ఇమ్మొబిలైజరు తప్పనిసరి చేసిరి. మన దేశపు కార్లలోను అది వ్యాపించినది. తాళపుచెవి చెప్పు సంకేతము మాడ్యూలు జ్ఞాపకముతో కలియనిచో ఇంజను అందుకొనదు, లేదా ఒక క్షణము నడచి ఆగిపోవును. కావున పాత పెట్టెలోని జ్ఞాపకమును చదివి క్రొత్తదానిలో వ్రాయవలయును, లేదా కంపెనీ పరికరముతో తాళపుచెవులను మరల పరిచయము చేయవలయును.

ఇక్కడనే చరిత్ర మరియొక మలుపు తిరిగినది. ఆ పరికరములు, ఆ సమాచారము ఎవరి చేతిలో నుండవలయును? విడిభాగములను, పరీక్షా పరికరములను బయటి మెకానిక్కులకు అందకుండ చేసినారని తేల్చి, 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ఆ తీర్పుపై అప్పీళ్ళు నడచినవి. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కు పేర ఒక పోర్టలును ప్రారంభించినది. మోటారు వాహనములును అందు ఒక విభాగము. దొంగకు తాళము తెరువరాదు. మేస్త్రికి మూయరాదు. ఈ రెండింటిని పొసగించుట నేటి సమస్య.

మరల వాల్మీకిపురము షెడ్డునకు పోవుదము. "డబ్బా మార్చే ముందు ఎర్త్ ఒకసారి చూడండన్నా" అని నేనడిగితిని. షెడ్డులోని కుర్రవాడు మల్టీమీటరు తెచ్చెను. స్టార్టరు తిప్పుచు, మాడ్యూలు ఎర్త్ తీగకును బ్యాటరీ రుణ ధ్రువమునకును నడుమ కొలువగా 2 వోల్టులకు పైగా కనబడినది. ఇంజనునకు బిగించిన చోట ఆ తీగ వదులై తెల్లగా పూచియున్నది. మేస్త్రి బోల్టు విప్పి, గరుకు కాగితముతో పాయింట్లను గీకినట్లే ఆ చోటును గీకి బిగించెను. ఇంజను అందుకొనెను. "ఇంతేనా సార్!" అని ఆయన నవ్వెను. ఆ నవ్వులో ఊరట యుండెను. ఇన్నాళ్ళుగా ఎన్ని పెట్టెలు ఊరక మార్పించితినో అను చింతయు ఉండెను.

ఆ మేస్త్రి చేతి నేర్పు పాతబడలేదు. దానికి కావలసినది ఒక మీటరు, ఓము సూత్రము, కంపెనీలు దాచక చెప్పు వైరింగు పటము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతపు షెడ్డులలో పనిచేయు కుర్రవాండ్రకు ఈ మూడును తెలుగులో అందినచో, బండి ఆగిన రైతు వేల రూపాయల పెట్టెను కొనుటకు ముందు ఒక్క తీగను పరీక్షింపజేసికొనగలడు.