పగుళ్ల పెరుగుదల అనుకరణ

విమానాలు, వంతెనలు, బాయిలర్ల వంటి లోహ నిర్మాణాల్లో ఏర్పడిన పగులు ఎటు సాగుతుందో, ఎన్నాళ్లకు ప్రమాదకరమవుతుందో కంప్యూటర్‌పై ముందే లెక్కగట్టే పద్ధతి. పగులు మొన దగ్గర ఒత్తిడి తీవ్రతను కొలిచే గుణకాన్ని 1957లో జార్జ్ ఇర్విన్ నిర్వచించాడు. భారం ఒక్కసారి పడి తొలగినప్పుడు పగులు ఎంత పెరుగుతుందో ఆ గుణకంలోని హెచ్చుతగ్గులతో ముడిపెట్టే సూత్రాన్ని 1963లో పాల్ పారిస్, ఫజిల్ ఎర్డొగాన్ ప్రచురించారు. ఉక్కుకు ఇందులోని ఘాతాంకం సుమారు 3. అంటే భారంలోని హెచ్చుతగ్గులు రెట్టింపైతే పగులు దాదాపు ఎనిమిది రెట్లు వేగంగా సాగుతుంది.

లెక్క కోసం నిర్మాణాన్ని చిన్నచిన్న మూలకాల వలగా విభజిస్తారు. పగులు ముందుకు సాగినప్పుడల్లా వలను మళ్లీ అల్లవలసి రావడం పెద్ద చాకిరీ. 1999లో టెడ్ బెలిచ్కో బృందం రూపొందించిన విస్తరిత మూలక పద్ధతిలో వల కదలదు, పగులే మూలకాలను చీల్చుకుంటూ పోతుంది.

1988లో హవాయి మీదుగా ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో కొంత భాగం ఊడిపోయి ఒక విమాన పరిచారిక మరణించింది. రివెట్ల వరసలో పుట్టిన సన్నని పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోవడమే కారణం. ఒంటరి పగులు లెక్క అక్కడ చాలదు. పక్కపక్క పగుళ్లన్నిటినీ కలిపి అనుకరించి, తనిఖీల మధ్య గడువును తగ్గించాలి.