విద్యా, సామాజిక పరిశోధనమున దృక్పథముల చరిత్ర

మానవుల నడవడిని, విద్యాభ్యాసమును, సంఘజీవనమును శాస్త్రీయముగా విచారించు విధానములను వివరించునది పరిశోధన పద్ధతిశాస్త్రము. ప్రశ్నావళి, పరిపృచ్ఛ, పరిశీలనము, ప్రయోగము మున్నగునవి పరిశోధకుని సాధనములు; సత్యమెట్టిది, దానిని మనుష్యుడెంతవరకు గ్రహింపగలడు, గ్రహించువాని విలువలకు అందు స్థానము కలదా యను మూలవిశ్వాసముల సముదాయము దృక్పథము. ఈ రెంటిని ఒకటిగా నెంచుటవలననే ఈ శాస్త్రమున నిష్ఫలవివాదములు పెక్కు పుట్టినవి.

ప్రకృతిశాస్త్రముల మార్గమే సంఘవిచారమునకును తగునని ఫ్రాన్సుదేశమున ఆగస్ట్ కామ్ట్ 1830 మొదలు 1842 వరకు వెలువరించిన ప్రత్యక్షవాద సంపుటములలో ప్రతిపాదించెను. ఎమిలీ డర్క్‌హైమ్ 1895లో ఆ మార్గమునకు నియమములు కూర్చి, 1897లో ఆత్మహత్యను గూర్చిన గ్రంథమున వానిని ప్రయోగించి చూపెను. మిక్కిలి వ్యక్తిగతమని తోచు ఆ చర్యయు మతమునుబట్టి, కుటుంబబంధమునుబట్టి హెచ్చుతగ్గులు పొందుచున్నదని గణాంకములతో నిరూపింపబూనుట నేటికిని ఆశ్చర్యము గొలుపు సాహసము. కాని ప్రకృతిని వివరింపవచ్చును, మనుష్యుని మాత్రము అర్థము చేసికొనవలయునని జర్మనీలో విల్హెల్మ్ డిల్తై 1894లోనే వాదించియుండెను. మాక్స్ వేబర్ ఆ అవగాహనమును కారణవిచారముతో సమన్వయింప యత్నించెను.

విద్యారంగమున మొదట జయించినది కొలమానమే. అమెరికాలో జోసెఫ్ మేయర్ రైస్ సుమారు 33,000 మంది బాలుర, బాలికల వర్ణక్రమజ్ఞానమును పరీక్షించి, దినమునకు పావుగంట అభ్యసించిన వారికంటె అంతకు మించి అభ్యసించిన వారు విశేషముగా నేర్చినదేమియు లేదని 1897లో ప్రకటింపగా, విద్యాధికారులనేకులు ఆగ్రహించిరి. అంతవరకు అధికారుల అభిప్రాయమే ప్రమాణముగా నున్న విషయమున సాక్ష్యమును కోరుట నేర్పినవాడగుటచే రైస్‌ను ఈ చరిత్ర మరువరాదు. థార్న్‌డైక్ 1904లో మానసిక, సామాజిక మాపనమును గూర్చి గ్రంథము రచించెను. పాఠశాలలో విద్యార్థులను యాదృచ్ఛికముగా విభజించుట తరచుగా సాధ్యము గాదు గనుక, ఉన్న తరగతులతోనే విశ్వసనీయమగు ప్రయోగమెట్లు నడుపవలయునో కాంప్‌బెల్, స్టాన్లీ 1963లో వివరించిరి.

ఇంతలో 1962లో థామస్ కూన్, శాస్త్రములు సైతము ఒకానొక దృక్పథమునకు లోబడి నడచి, అది కూలినపుడు విప్లవాత్మకముగా మారునని చెప్పుటతో ప్రత్యక్షవాదుల ధీమా సడలెను. గ్లేజర్, స్ట్రాస్ 1967లో సిద్ధాంతమును ముందుగా కల్పింపక సేకరించిన సమాచారమునుండియే నిర్మింపవలయుననిరి. 1985లో లింకన్, గూబా సహజపరిస్థితులలో విచారణమును సమర్థించిరి. పరిశోధనము లోకమును వర్ణించుటతో ఆగక అన్యాయమును ప్రశ్నింపవలెనను విమర్శనాత్మక దృక్పథమునకు 1937లో హోర్క్‌హైమర్ వ్యాసము పునాది. విద్యలో దానికి బలము చేకూర్చినవాడు బ్రెజిలు దేశస్థుడగు పౌలో ఫ్రేరీ. ఈ పక్షముల సంఘర్షణమును ఎన్.ఎల్. గేజ్ 1989లో దృక్పథముల యుద్ధముగా వర్ణించి, 2009 నుండి వెనుదిరిగి చూచినట్లు దాని పరిణామములను ఊహించెను. ఆ యుద్ధము ఒక పక్షపు విజయముతో ముగియలేదు. 2007లో సంఖ్యలను, కథనములను కలిపి వినియోగించు మిశ్రమపద్ధతుల పరిశోధనమునకే ప్రత్యేకపత్రిక వెలసెను.

ఇట్టి సమన్వయమునకు తెలుగునేలపై పూర్వోదాహరణము కలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు సామాజికసేవా విస్తరణ కార్యక్రమమున వ్యవసాయ, వైద్యాది శాఖలవారితో కలిసి, శ్యామాచరణ్ దూబే హైదరాబాదు సమీపమునగల శామీర్‌పేటను పరిశీలించి 1955లో గ్రంథము ప్రకటించెను. కుటుంబముల గణనవివరములును, గ్రామస్థుల ఆచారములయొక్కయు, నిత్యజీవితముయొక్కయు ప్రత్యక్షపరిశీలనమును అందు ఒకదాని కొకటి తోడ్పడినవి. సంఖ్యలా, కథనములా యని ముందే పక్షము వహించు పరిశోధక విద్యార్థులు తమ ప్రశ్నావళిని సిద్ధపరచుకొనకముందే ఆ గ్రంథమును ఆమూలాగ్రము పఠింపవలయును.