ఆటకూ పాటకూ ఒకే పెట్టె: ప్రాసెసర్ల చరిత్ర

మన బళ్లారికి నాటకాల ఊరని పేరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు (1853–1912) ఇక్కడే సరసవినోదిని సభ పెట్టి, తెలుగు నాటకంలో పద్యాలకూ పాటలకూ పెద్దపీట వేశారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ గారి (1880–1946) పేరు మీద ఉన్న రాఘవ కళామందిరం మనందరికీ తెలిసిందే. అప్పట్లో వేదిక పక్కన హార్మోనియం, తబలా ఉంటే చాలు. ఇప్పుడు వాయించేవాళ్లు కంప్యూటర్లోనే తంబూరా, వయొలిన్, తాళం అన్నీ కలిపి పాట తయారు చేస్తున్నారు. అదే కంప్యూటర్లో ఇంట్లో పిల్లలు గేములు ఆడతారు. మరి ఈ రెండు పనులకూ ఏ ప్రాసెసర్ కొనాలి? జవాబు చరిత్రలోనే దొరుకుతుంది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను.

మొదటి అడుగులు

కంప్యూటర్లో లెక్కలన్నీ చేసే చిప్పే ప్రాసెసర్. జపాన్‌లోని బిజికామ్ అనే కంపెనీ కాలిక్యులేటర్ల కోసం అడిగితే ఇంటెల్ కంపెనీ తయారు చేసిన 4004 అనే చిప్పు 1971లో అమ్మకానికి వచ్చింది. అందులో 2,300 ట్రాన్సిస్టర్లు. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్లో ఇంటెల్ 8088ను పెట్టింది. దాని వేగం 4.77 మెగాహెర్ట్జ్. చిప్పుల కోసం ఒక్క కంపెనీ మీదే ఆధారపడకూడదని ఐబీఎం పట్టుబట్టింది. అందువల్ల 1982 ఒప్పందంతో ఏఎండీ కంపెనీకి కూడా ఆ రకం చిప్పులు చేసే వీలు కలిగింది. ఇప్పుడు షాపుకు పోతే మనకు రెండు పేర్లు వినిపించేది అందుకే.

పాట దారి, ఆట దారి

1983లో మిడి అనే పద్ధతి వచ్చింది. 1985లో వచ్చిన అటారి ఎస్టీ కంప్యూటర్‌కు మిడి తీగలు పెట్టే చోటు ముందే ఉండేది కాబట్టి సంగీతం వాళ్లు దాన్ని కొన్నారు. అప్పుడు కంప్యూటర్ పని ఏ స్వరం ఎప్పుడు వాయించాలో చెప్పడమే, శబ్దం మాత్రం బయటి వాయిద్యానిదే. 1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ వీఎస్టీ తెచ్చింది. దాంతో పాటకు మెరుగులు దిద్దే పని, 1999 నుంచి వాయిద్యాల శబ్దం కూడా ప్రాసెసర్ నెత్తిన పడింది.

అదే 1996లో క్వేక్ అనే గేము వచ్చింది. సైరిక్స్ 6ఎక్స్86 అనే ప్రాసెసర్ ఆఫీసు పనుల్లో పెంటియంకు దీటుగా ఉండేది. క్వేక్‌లో మాత్రం బాగా వెనకబడింది. ఎందుకంటే ఆ గేముకు దశాంశాల లెక్కలు చాలా కావాలి, అందులో పెంటియం గట్టిది. ఒక పనిలో మంచిదైన చిప్పు ఇంకో పనిలో తేలిపోవచ్చని అప్పుడే రుజువైంది.

వేగం పందెం ఎందుకు ఆగింది?

2000 మార్చిలో ఏఎండీ, ఇంటెల్ రెండూ కొద్ది రోజుల తేడాతో 1 గిగాహెర్ట్జ్ అందుకున్నాయి. తర్వాత ఇంటెల్ పెంటియం 4ను 3.8 గిగాహెర్ట్జ్ దాకా తెచ్చి, 4 గిగాహెర్ట్జ్ చిప్పును 2004లో మానుకుంది. వేగం పెంచేకొద్దీ వేడి పెరిగిపోవడమే పెద్ద చిక్కు. వేడి సంగతి బళ్లారి వాళ్లకు వేరే చెప్పాలా! 2005లో రెండు కోర్ల చిప్పులు వచ్చాయి. 2017లో ఏఎండీ రైజెన్‌తో ఎనిమిది కోర్లు మామూలు కంప్యూటర్లలోకి వచ్చేశాయి.

కోరు అంటే ఏమో మన జీన్స్ యూనిట్లో చూస్తే తెలుస్తుంది. ఒక్కో కోరు ఒక్కో టైలరు అనుకోండి. పాటలో వీణ, తబలా, గొంతు వేరువేరు ట్రాకులు. అవి వేరువేరు ప్యాంట్ల లాంటివి, ఎనిమిది మంది ఉంటే ఎనిమిదీ ఒకేసారి కుడతారు. గేములో చాలా పని ఒకే ప్యాంటు లాంటిది. ముందు కుట్టు పడితేగానీ తర్వాతి కుట్టు పడదు. అక్కడ ఎక్కువ మంది కన్నా చేతివేగం ఉన్న ఒకరిద్దరు ముఖ్యం. కత్తిరించిన గుడ్డ చేతికందేలా ఉండడం కూడా ముఖ్యం. ఆ చేతికందే చోటే క్యాషె. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దీనికి సాక్ష్యం. దాని గిగాహెర్ట్జ్ 5800ఎక్స్ కన్నా తక్కువే. కానీ క్యాషె 32 ఎంబీ నుంచి 96 ఎంబీకి పెరగడంతో చాలా గేముల్లో దాన్ని దాటేసింది.

పాటకు ఇంకో సంగతుంది. శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా కొలుస్తారు. కంప్యూటర్ 256 ముక్కలను ఒక కట్టగా పంపితే, ఒక్కో కట్టకు ప్రాసెసర్‌కు దొరికే సమయం సుమారు 5.8 మిల్లీసెకన్లే. ఆలస్యమైతే పాట మధ్యలో టప్పుమని శబ్దం వస్తుంది.

గేములో బొమ్మలు గీసేది ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు. ఏఎండీ, ఆపిల్, ఇంటెల్ కంపెనీల్లో ఆ పనికి పేరు తెచ్చుకున్న రాజా కోడూరి గారు గోదావరి ఒడ్డున కొవ్వూరులో పుట్టినవారు.

మా ఇంట్లో జరిగింది

మా అన్న నాటకాలకు కీబోర్డు వాయిస్తాడు. పాటలు తయారు చేసిస్తే నాలుగు డబ్బులు వస్తాయి. తమ్ముడికి ఫుట్‌బాల్ గేము కావాలి. అమ్మ చీటీ ఎత్తిన 60,000 రూపాయలే మా బడ్జెట్. అది పోతే మళ్లీ చీటీ రావడానికి రెండేళ్లు పడుతుంది. షాపాయన అన్నిటికన్నా పెద్ద నంబరు ప్రాసెసర్ చూపించి, "ఇది కొంటే అన్నీ అయితాయి" అన్నాడు. మా నాయన జీన్స్ టైలరు. "టైలర్లను పెంచి గుడ్డ కొనకుంటే ఏం కుడతారు?" అని అడిగినాడు. అందరం కూర్చుని లెక్క వేసుకున్నాం. అన్న పాటల్లో ఉండేది ఇరవై, ముప్పై ట్రాకులే. దానికి ఆరు కోర్లు చాలు, తమ్ముడి గేముకూ చాలు. మిగిలిన డబ్బుతో 16 జీబీ ర్యామ్, ఒక మామూలు గ్రాఫిక్స్ కార్డు, మంచి కూలింగ్ ఫ్యాను తీసుకున్నాం. వాయించేటప్పుడు 128 ముక్కల కట్ట, అన్నీ కలిపేటప్పుడు 1,024 ముక్కల కట్ట పెడతాడు అన్న. ఈ దసరాకు మూడు నాటకాల పాటలు దాంట్లోనే తయారైనాయి.

మిత్రులారా, మీ ఇంట్లో కంప్యూటర్ కొనేటప్పుడు ఏ కంపెనీ గొప్పది అని మొదట అడగవద్దు. ఏ పనికి, ఎన్ని ట్రాకులకు, ఏ గేముకు అని ఒక కాగితం మీద రాసుకొని పోండి. నటుడి గొంతు విన్నాకే కదా హార్మోనియం ఆయన శృతి పెట్టేది!