హెపటైటిస్-సి: రక్తపరీక్షలు

హెపటైటిస్-సి వైరస్ కాలేయమున చేరి, సంవత్సరముల తరబడి ఏ బాధయు తెలియనీయక వృద్ధిపొందు స్వభావము గలది. కామెర్లు కనబడలేదని రోగము లేదనుకొనుటకు వీలులేదు గనుక నిర్ధారణభారమంతయు రక్తపరీక్షలపైననే నిలిచియున్నది. వీనిలో ప్రధానమైనవి రెండు: వైరస్‌ను ఎదుర్కొనుటకై శరీరము పుట్టించిన ప్రతిరక్షకములను వెదకునది యొకటి, వైరస్ జన్యుపదార్థమగు ఆర్.ఎన్.ఎ.ను పట్టియిచ్చునది మరియొకటి. మొదటిది పాజిటివ్ అని వచ్చినంతనే వ్యాధి కలదని కుంగిపోవుట తగదు.

ఎ, బి వైరస్‌లవలన కాని కామెర్లు రక్తమెక్కించుకొన్నవారియందు కలవని 1975లో హార్వే ఆల్టర్ ప్రభృతులు చూపిరి. 1989లో మైకేల్ హాటన్, క్వీ-లిమ్ చూ, జార్జి క్యువో మొదలగువారు ఆ కామెర్లకు కారణమగు సి వైరస్‌ను గుర్తింపగా, మరుసటి యేడే ప్రతిరక్షక పరీక్ష వాడుకలోనికి వచ్చెను. 2020 నోబెల్ బహుమతి ఆల్టర్, హాటన్, చార్లెస్ రైస్‌లకు లభించినది. చూ, క్యువోల పేర్లు అందు చేరకపోవుట విచారకరము.

దాతల రక్తమునకు ప్రతిరక్షక పరీక్ష మనదేశమున తప్పనిసరియైనది 1997లోనని కొందరును, 2001-2002 ప్రాంతమునని కొందరును వ్రాసిరి. ఆజ్ఞ వెలువడిన కాలమును, ఆచరణ స్థిరపడిన కాలమును వేరుచేయకపోవుటవలన ఈ భేదము కలిగియుండవచ్చును. రోగి క్షేమమునుబట్టి చూడగా రెండవ గణనమే గ్రాహ్యము. అంతకు పూర్వము రక్తమెక్కించుకొన్నవారు ఒకమారు పరీక్షింపబడుట మేలు.

రక్తనిధులలో తరచుగా కనబడు ప్రతిరక్షక పరీక్షాసాధనమగు ట్రై-డాట్ అరచేత ఇమిడెడు ప్లాస్టిక్ పలక. నడుమనున్న పొరలో సీరమ్ ఇంకిన పిదప, పరీక్ష సరిగా జరిగినదని తెలుపు చుక్క యొకటి గులాబిరంగున తేలును. దానితోపాటు మరి యొకటిగాని రెండుగాని తేలినచో ప్రతిరక్షకములున్నట్లు. మొదటి చుక్కయే తేలకున్న పరీక్ష చెల్లదు. క్రొత్త పలకతో మరల చేయవలెను.

ప్రతిరక్షకములు బయటపడుటకు సాధారణముగా రెండు మూడు నెలలు పట్టును, ఆర్.ఎన్.ఎ. ఒకటి రెండు వారములకే దొరకును. సోకినవారిలో నూటికి 15 మొదలు 45 మంది వరకు ఔషధము లేకయే ఆరు నెలలలోపల వైరస్‌ను వదల్చుకొందురనియు, వారి రక్తమున ప్రతిరక్షకములు మాత్రము నిలిచియుండుననియు గ్రంథములు చెప్పును. కావున ఆర్.ఎన్.ఎ. పరీక్షయే తీర్పరి.

అండమాన్ దీవులలో శ్రీవిజయపురమని 2024లో పేరుమారిన పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్ వంటి పేటలకు ప్రధానాశ్రయము అట్లాంటా పాయింట్‌నందలి జి.బి.పంత్ ఆసుపత్రి. విశాఖనుండి ఓడపై దినములు గడచు ఈ ద్వీపములలో, రక్తమునుండి ప్లాస్మాను కొలది గంటలలో వేరుచేసి చల్లగా కాపాడవలసిన ఆర్.ఎన్.ఎ. పరీక్షకు, బ్యాటరీతో నడచు ట్రూనాట్ వంటి స్వదేశీ యంత్రము మిక్కిలి అనుకూలమని మా అభిప్రాయము. డాలీగంజ్‌లో 1983లో వెలసిన ప్రాంతీయ వైద్యపరిశోధన కేంద్రము ద్వీపవాసులగు ఆదిమజాతులలో హెపటైటిస్-బి అధికమని తేల్చినది. అది వేరు వైరస్, దానికి టీకా కలదు, సి-కి లేదు. బి పరీక్షలో నెగటివ్ వచ్చిన కాగితము సి-కి చెల్లదు.

2018 జూలై 28న ఆరంభమైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద పరీక్షలును ఔషధములును ఉచితము. చికిత్స తరచుగా 12 వారములు. ముగిసిన మరి 12 వారములకు ఆర్.ఎన్.ఎ. కనబడకున్న నయమైనట్లు. అటుపిమ్మటను ప్రతిరక్షక పరీక్ష పాజిటివ్‌గానే వచ్చుచుండును గనుక, మరల సోకెనేమోయన్న అనుమానమునకు ఆర్.ఎన్.ఎ.నే చూడవలెను.